ఉంగరం అమ్మి కాలేజీకి వెళ్లిన కుర్రాడు

కోడూరు దాటి ఇంకా దక్షిణానికి పోతే, కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోట హంసలదీవి ఉంది. ఆ ఊరి పేరు వెనక కథ మీరు వినే ఉంటారు. జనం పాపాలు మోసీ మోసీ గంగ నల్లటి కాకిలా మారిపోయిందట. తీర్థాలన్నీ తిరిగి, చివరికి ఈ సంగమంలో మునిగి లేచేసరికి తెల్లటి హంస అయిందట. అందుకే ఆ పేరు.

కథ బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, మనలో చాలామంది కాలేజీని కూడా అలాంటి రేవే అనుకుంటాం. చేరి, మూడేళ్లో నాలుగేళ్లో గడిపి, ఇవతలి గట్టుకు వస్తే చాలు, మనిషి మారిపోతాడు, ఉద్యోగం దానంతట అదే వస్తుంది అనుకుంటాం. రాకపోయేసరికి ఇంట్లో మాటలు మొదలవుతాయి. ఇన్నేళ్లు చదివించాం కదా, ఆ కాలేజీ నీకు ఇచ్చిందేమిటని అడుగుతారు. అవనిగడ్డలో గది తీసుకుని డీఎస్సీకి చదువుతున్నా, మచిలీపట్నంలో డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉన్నా, గుడివాడలో బీటెక్ అయిపోయి ఇంటి దగ్గర ఉన్నా ఆ ప్రశ్న మిమ్మల్ని ఒక్కసారైనా గుచ్చే ఉంటుంది.

జవాబు కోసం ఎక్కడికో పోనక్కర్లేదు. ఇదే కృష్ణా డెల్టాలో పుట్టిన ఒక కుర్రాడి కథ చూడండి. ఆయన పేరు మీకు కొత్త కాదు, గొంతు అసలే కొత్త కాదు. పెళ్లి పందిట్లో, గుడి మైకులో, తాతగారి పాత రేడియోలో మీరు వింటూ పెరిగిన గొంతే అది. ఘంటసాల వెంకటేశ్వరరావు. 1974 ఫిబ్రవరి 11న ఆయన కన్నుమూశారు. పాట మాత్రం ఇంకా మన మధ్యే ఉంది. అయితే ఇప్పుడు చెప్పబోయేది ఆయన పాట గురించి కాదు, ఆయన చదువుకున్న చదువు గురించి.

తరంగాలకు ఆడిన పిల్లాడు

గుడివాడ పక్కన చౌటపల్లి అనే పల్లెటూరు. 1922 డిసెంబర్ 4న అక్కడ సూరయ్య, రత్తమ్మ దంపతులకు ఘంటసాల పుట్టాడు. తండ్రి మృదంగం వాయించేవారు, భజనల్లో నారాయణతీర్థుల తరంగాలు పాడేవారు. ఆ తరంగాలకు పిల్లాడు కాలు కదిపి ఆడేవాడు. కూచిపూడి, మొవ్వ దగ్గరలోనే ఉన్న ఆ ప్రాంతంలో పాట, ఆట ఎవరో నేర్పితే వచ్చేవి కావు, ఇంటి గాలిలోనే ఉండేవి.

అయితే ఆ గాలి ఎంతోకాలం నిలవలేదు. పిల్లాడికి పదకొండేళ్లు ఉంటాయేమో, తండ్రి పోయారు. పోయే ముందు కొడుకును దగ్గరికి పిలిచి సంగీతం గొప్పదనం చెప్పి, నువ్వు సంగీతం నేర్చుకుని పెద్ద విద్వాంసుడివి కావాలని కోరారు. పిల్లాడు సరేనన్నాడు. కుటుంబ భారం మేనమామ మీద పడింది.

ఒకసారి ఆలోచించండి. చేతిలో ఆస్తి లేదు. నేర్పే తండ్రి లేడు. ఊళ్లో సంగీతం బడి లేదు. ఉన్నదల్లా తండ్రికి ఇచ్చిన మాట ఒక్కటే. మీలో ఎంతమంది ఇలాంటి చోట నుంచే కాలేజీకి వచ్చారో మీకే తెలుసు. ఇంట్లో మొట్టమొదట డిగ్రీ గడప తొక్కినవాళ్లకు ఈ కుర్రాడి పరిస్థితి వేరే చెప్పక్కర్లేదు.

బట్టలు ఉతికి, వంట చేసి

ఆ రోజుల్లో సంగీతం నేర్చుకోవాలంటే తెలిసిన దారి ఒకటే. గురువు ఇంట్లో ఉండాలి, ఇంటి పనులు చేయాలి, ఆయనకు తీరిక దొరికినప్పుడు, మనసు పుట్టినప్పుడు నాలుగు స్వరాలు నేర్చుకోవాలి. ఘంటసాల కూడా అదే చేశాడు. మొదట ఆ కట్టుబాట్లకు తట్టుకోలేక ఇంటికి తిరిగొచ్చేశాడు. తర్వాత దగ్గర ఊళ్లో జరిగిన ఒక కచేరీలో విద్వాంసులతో పోటీకి దిగి ఓడిపోయాడు. నలుగురూ నవ్వారు.

ఆ నవ్వు ఆయన్ని బాగా తాకింది. ఎలాగైనా నేర్చుకోవాలని మళ్లీ సంగీతం తెలిసినవాళ్ల ఇళ్లల్లో చేరాడు. ఒక ఇంట్లో బట్టలు ఉతకడం, ఇంకో ఇంట్లో వంట చేయడం బాగా వచ్చాయి. సంగీతం మాత్రం రావాల్సినంత రాలేదు. కాలం గడిచిపోయింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పనివాడిలా ఉండటం తప్పని కాదు. పని ఏదైనా పనే. కానీ ఆ ఏర్పాటులో ఎప్పుడు నేర్చుకోవాలో, ఏం నేర్చుకోవాలో, అసలు నేర్చుకున్నాడో లేదో తేల్చే మాట కుర్రాడి చేతిలో లేదు. ఇంకొకరి దయ మీద ఆధారపడిన చదువు అది. ఆ సంగతి ఆలస్యంగా అయినా అతనికి అర్థమైంది. అప్పుడు తీసుకున్న నిర్ణయమే జీవితాన్ని మార్చింది.

అప్పట్లో తెలుగునాట సంగీతం నేర్పడానికంటూ ఒక కళాశాల ఉండేది. విజయనగరం మహారాజావారి సంగీత కళాశాల. 1919లో పూసపాటి విజయరామ గజపతిరాజు దాన్ని పెట్టించారు. హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు దాని మొదటి ప్రిన్సిపాల్. 1936లో ఆయన తర్వాత వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు ఆ పదవిలోకి వచ్చారు. అక్కడ పాఠానికి వేళ ఉంది, కోర్సుకు గడువు ఉంది, చివర పరీక్ష ఉంది. నేర్చుకోవడానికి గురువుగారి బట్టలు ఉతకాల్సిన పని లేదు.

ఇంతకూ విజయనగరం ఎంత దూరం? గుడివాడ నుంచి దాదాపు 400 కిలోమీటర్లు. అక్కడ చుట్టం లేడు, పక్కం లేడు. కుర్రాడి దగ్గర ఉన్న విలువైన వస్తువు వేలికున్న ఉంగరం ఒక్కటే. నలభై రూపాయల ఉంగరాన్ని ఎనిమిది రూపాయలకు అమ్మేశాడంటారు. ఆ డబ్బుతో బయల్దేరాడు.

నలభై రూపాయల వస్తువుకు ఎనిమిదే వచ్చాయంటే మోసపోయాడని మీరు అనుకోవచ్చు. నిజమే కావచ్చు. కానీ తన చదువుకు తానే డబ్బు సమకూర్చుకున్న మొదటి రోజు అది. బేరం ఓడినా అడుగు మాత్రం ముందుకే పడింది.

తాళం వేసిన కాలేజీ

తీరా విజయనగరం చేరేసరికి కాలేజీకి తాళం వేసి ఉంది. వేసవి సెలవులు.

మీరైతే ఏం చేసేవాళ్లు? తిరుగు ప్రయాణానికి డబ్బుల్లేవు. ఉండటానికి చోటు లేదు. సెలవులు ఎప్పుడు అవుతాయో కనుక్కుని, ఏదో ఒకటి చేసి ఇంటికి పోయి మళ్లీ వద్దాం అనుకునేవాళ్లే ఎక్కువ. ఇంటికి పోయినవాళ్లు మళ్లీ వచ్చేది తక్కువ.

ఘంటసాల నేరుగా ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్లాడు. తన సంగతి చెప్పుకుని, కాలేజీ తెరిచేదాకా ఆవరణలో ఉండనివ్వమని అడిగాడు. ఆయన ఒప్పుకున్నారు. తిండికి వారాలు కుదుర్చుకున్నాడు. వారాలంటే ఇప్పటివాళ్లకు తెలియకపోవచ్చు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, ఇలా వారంలో రోజుకొక ఇంట్లో భోజనం. పేద విద్యార్థికి ఊరు పెట్టే అన్నం అది.

అడగడం అనేది చిన్న విషయంలా కనిపిస్తుంది. కాలేజీలో చేరిన కొత్తలో చాలామందికి అదే పెద్ద కొండ. ఆఫీసు కిటికీ దగ్గర నిలబడి స్కాలర్‌షిప్ సంగతి అడగడానికి మొహమాటం. లెక్చరర్ గది తలుపు తట్టడానికి భయం. ఇంట్లో ఉన్నంతకాలం మన తరఫున నాన్నో అన్నయ్యో అడుగుతారు. మన కోసం మనమే నోరు తెరిచి, అవతలివాళ్ల మర్యాద తగ్గకుండా, మన మర్యాదా పోకుండా అడగడం నేర్చుకున్న రోజున సగం పెద్దవాళ్లం అయినట్టే.

అయితే అడిగి సంపాదించుకున్న ఆ నీడ కూడా నిలవలేదు. తోటి కుర్రాళ్లు చేసిన తప్పు ఒకటి అతని మీదికి వచ్చింది. కాలేజీ ఆవరణలోంచి బయటికి పొమ్మన్నారు. సంగతి ఊళ్లో పాకి, వారాలు పెట్టే ఇళ్లవాళ్లూ ఇక రావద్దన్నారు. చేయని తప్పుకు చోటు పోయింది, కూడు పోయింది. ఊళ్లోని ఎల్లమ్మ గుడిలో తలదాచుకున్నాడు.

ఆ గుడికి వచ్చిన ఒక పెద్దమనిషి కుర్రాణ్ని చూసి వివరం కనుక్కున్నారు. ఆయన పట్రాయని సీతారామశాస్త్రి. సాలూరు చినగురువుగారని పేరున్న విద్వాంసుడు, ఆ సంగీత కళాశాలలోనే గాత్రం చెప్పే అధ్యాపకుడు. కుర్రాడి కథ విని, తన ఇంట్లో ఉచితంగా పాఠం చెబుతానన్నారు.

గోడకు కొట్టిన మేకు

శాస్త్రిగారిది కలిగిన కుటుంబం కాదు. పాఠం చెప్పగలరు గానీ రెండు పూటలా అన్నం పెట్టే స్తోమత లేదు. పాఠాలు కఠినంగా ఉండేవి, కడుపు ఖాళీగా ఉండేది. అప్పుడు ఒక సాధువు కుర్రాడి భుజానికి జోలె కట్టి మధూకరం ఎలా చేయాలో నేర్పాడు. ఇంటింటి ముందూ నిలబడి, ఒక్కో ఇంట్లో ఒక్కో ముద్ద అన్నం అడిగి తెచ్చుకోవడమే మధూకరం. తేనెటీగ పువ్వు పువ్వునా తిరిగి తేనె కూడబెట్టినట్టు అని ఆ పేరు.

ఉదయం తెచ్చిన అన్నంలో కొంత తిని, మిగిలింది రాత్రికని గుడ్డలో మూటకట్టి పెట్టుకునేవాడు. దానికి చీమలు పట్టేవి. అది చూసి గురువుగారు గోడకు ఒక మేకు కొట్టి, మూట దానికి తగిలించుకోమన్నారు.

ఘంటసాల జీవితం గురించి చెప్పేవాళ్లంతా ఈ మేకు సంగతి తప్పకుండా చెబుతారు. ఎందుకో ఆలోచించండి. గురువుగారు అన్నం పెట్టలేకపోయారు. కానీ శిష్యుడు కష్టపడి తెచ్చుకున్న అన్నం పాడైపోకుండా చూశారు. మంచి గురువు చేసేదీ, మంచి కాలేజీ చేసేదీ ఇంతే. మీ కష్టం మీరే పడాలి. ఆ కష్టం చీమలపాలు కాకుండా ఒక మేకు దొరుకుతుంది. అది కొందరికి ఒక లెక్చరర్, కొందరికి లైబ్రరీలో కిటికీ పక్క కుర్చీ, ఇంకొందరికి పక్క గదిలో ఉండే సీనియర్. మీ మేకు ఏదో మీరు గుర్తుపట్టారా?

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పుకోవాలి. ఆకలి గొప్పది కాదు. జోలె పట్టుకుంటేనే విద్య వస్తుందని ఎవరైనా అంటే నమ్మకండి. పైగా ఆ రోజుల్లో వారాలు, మధూకరం అందరికీ ఉన్న దారి కూడా కాదు. అది బ్రాహ్మణ కుటుంబాల్లో పేద పిల్లల కోసం ఉన్న ఆనవాయితీ. అంతే ప్రతిభ, అంతకన్నా పేదరికం ఉన్న వేరే కులాల పిల్లలకు ఆ గుమ్మాలు తెరుచుకునేవి కావు. వాళ్లలో ఎన్ని గొంతులు అలాగే పోయాయో లెక్క లేదు. ఇవాళ సంక్షేమ హాస్టళ్లు ఉన్నాయి, ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, స్కాలర్‌షిప్‌లు ఉన్నాయి. వాటిలో లోటుపాట్లు లేవని కాదు. కానీ అవి ఎవరో జాలిపడి వేసే ముద్ద కాదు, మీకున్న హక్కు. దరఖాస్తు గడువు మర్చిపోయి పోగొట్టుకునే వస్తువు అంతకన్నా కాదు.

కాలేజీ ఇచ్చింది ఏమిటి?

సెలవులు అయ్యాక ఘంటసాల కాలేజీలో చేరాడు. శాస్త్రిగారి శిక్షణలో నాలుగేళ్ల కోర్సును రెండేళ్లలో ముగించాడు.

ఆ రెండేళ్లలో సంగీతం ఎంత వచ్చిందో చెప్పడం తేలిక. తర్వాత 1961లో వచ్చిన జగదేకవీరుని కథ సినిమాలో, రాయి కూడా కరిగిపోయే సన్నివేశం కోసం దర్బారీ కానడ రాగంలో ఆయన పాడిన పాట ఒక్కటి వింటే చాలు. శ్రుతి, లయ, రాగం మీద పట్టు, మాట స్పష్టత ఇవన్నీ విజయనగరం సాధనలో పడిన పునాదులు.

కానీ సంగీతంతో పాటు ఇంకొకటి కూడా వచ్చింది. చౌటపల్లి నుంచి బయల్దేరినప్పుడు అతను తండ్రికి మాట ఇచ్చిన పిల్లాడు. తిరిగి వచ్చినప్పుడు, ఎక్కడ వదిలినా బతకగలనని తెలిసిన మనిషి. పరాయి ఊళ్లో చోటు వెతుక్కున్నాడు. చేయని తప్పుకు పడిన నిందను మోసి, దానికోసం చదువు మానకుండా నిలబడ్డాడు. పాఠం ఎవరి దగ్గర దొరుకుతుందో గుర్తుపట్టాడు. రోజుకు ఎంత సాధన చేయాలో తానే నిర్ణయించుకున్నాడు. లేకపోతే నాలుగేళ్లది రెండేళ్లలో అవదు. వీటిలో ఏ ఒక్కటీ సర్టిఫికెట్ మీద ఉండదు. తర్వాతి జీవితంలో పనికొచ్చింది మాత్రం ఎక్కువగా ఇదే.

సర్టిఫికెట్ చేతికొచ్చాక

చదువు అయిపోయింది. మరి ఉద్యోగం? వెంటనే ఏమీ రాలేదు. కాకి ఒక్క మునకతో హంస అవడం కథలోనే జరుగుతుంది.

విజయనగరంలో కొన్నాళ్లు కచేరీలు చేశాడు. తర్వాత చౌటపల్లి తిరిగి వచ్చి, ఉత్సవాల్లో, పెళ్లిళ్లలో పాడుతూ పిల్లలకు పాఠాలు చెప్పుకున్నాడు. సంగీత కళాశాలలో చదివి పెళ్లిళ్లలో పాడటమా అని చిన్నతనంగా అనుకోలేదు. ఇవాళ డిగ్రీ చేతిలో పెట్టుకుని ట్యూషన్లు చెబుతున్నవాళ్లు, కంప్యూటర్ సెంటర్‌లో పనిచేస్తూ గ్రూప్స్‌కు చదువుతున్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. చదువుకు తగ్గ పని దొరికేదాకా చదువును ఊరికే ఉంచకుండా చూసే పని ఏదైనా మంచిదే.

1942లో క్విట్ ఇండియా ఉద్యమం వచ్చింది. ఘంటసాల అందులోకి దిగాడు. అరెస్టు చేసి బళ్లారి దగ్గరి అలీపురం జైలుకు పంపారు. ఏడాదిన్నర జైలు. కెరీర్ లెక్కలో చూస్తే అది ఖాళీ కాలం, ఇప్పటి భాషలో గ్యాప్. ఇరవై ఏళ్ల వయసులో తన నమ్మకం కోసం తాను తీసుకున్న నిర్ణయం అది.

బయటికి వచ్చాక 1944లో సావిత్రితో పెళ్లయింది. తన పెళ్లిలో తానే కచేరీ చేశాడు. అత్తవారి ఊరు పెదపులివర్రు, మన దివిసీమ నుంచి చూస్తే కృష్ణకు అవతలి వైపు. సినిమాలకు మాటలు, పాటలు రాసే సముద్రాల రాఘవాచార్యది కూడా ఆ ఊరే. ఆయన ఘంటసాల పాట విని మద్రాసు రమ్మన్నారు. రమ్మన్నారు కదా అని ఆయనే అన్నీ చూసుకుంటారని కూర్చోలేదు. రెండు నెలలు కచేరీలు చేసి కొంత కూడబెట్టి, ఇంకొంత అప్పుచేసి బండెక్కాడు.

పానగల్ పార్కు రాత్రులు

మద్రాసులో సముద్రాలవారి ఇల్లు చిన్నది. వాళ్లకు భారం కావడం ఇష్టంలేక, పానగల్ పార్కు కాపలాదారుకు నెలకు ఎంతో కొంత ఇచ్చి రాత్రిళ్లు అక్కడే పడుకునేవారు. పగలంతా అవకాశాల కోసం తిరగడం. ఎల్లమ్మ గుడిలో పడుకున్న మనిషికి పార్కు బెంచీ కొత్తగా ఏం భయపెడుతుంది?

రేడియోలో పాడారు. బృందగానాల్లో ఒక గొంతుగా పాడారు. త్యాగయ్య, యోగి వేమన లాంటి సినిమాల్లో చిన్న వేషాలు వేశారు. 1945లో వచ్చిన స్వర్గసీమలో భానుమతితో కలిసి పాడిన పాట నేపథ్య గాయకుడిగా తొలి గుర్తింపు తెచ్చింది. దానికి ఇచ్చిన పారితోషికం 116 రూపాయలంటారు. 1948లో బాలరాజుకు సహాయ సంగీత దర్శకుడిగా పనిచేశారు. 1949లో కీలుగుర్రం, మనదేశం సినిమాలకు సంగీత దర్శకత్వం వహించారు.

మద్రాసులో దిగినప్పటి నుంచి సంగీత దర్శకుడిగా నిలబడటానికి దాదాపు అయిదేళ్లు. ఆ అయిదేళ్లు ఖాళీగా కూర్చున్నవి కావు. కోరస్‌లో నిలబడి రికార్డింగ్ ఎలా జరుగుతుందో చూశారు, సహాయకుడిగా ఉండి వాద్యబృందాన్ని ఎలా నడపాలో నేర్చుకున్నారు. ఇప్పుడు మీరు ఇంటర్న్‌షిప్ అంటున్నది ఇదే.

మనదేశం అంటే ఇంకో సంగతి. పామర్రు దగ్గరి నిమ్మకూరు నుంచి వచ్చిన నందమూరి తారక రామారావుకు అదే మొదటి సినిమా. ఆయన గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బీఏ చదివి, సబ్‌రిజిస్ట్రార్ ఉద్యోగం వచ్చినా కొద్దిరోజులకే వదిలి సినిమాలకు వచ్చారు. ఇక గుడివాడ ప్రాంతం నుంచే వచ్చిన అక్కినేని నాగేశ్వరరావుది వేరే దారి. ఆయనకు పెద్ద చదువు లేదు. అందుకే కావచ్చు, చదువు విలువ తెలిసి గుడివాడ కాలేజీకి విరాళం ఇచ్చారు. ఆ కాలేజీకి ఇవాళ్టికీ ఆయన పేరే. ఒకే ప్రాంతం, ముగ్గురు మనుషులు, మూడు దారులు. కాలేజీకి వెళ్లకపోతే బతుకే లేదని ఈ పేజీ చెప్పడం లేదు. వెళ్లే అవకాశం వచ్చినవాళ్లు దాన్ని ఎలా వాడుకున్నారన్నదే లెక్క.

తర్వాతి కథ మీకు తెలిసిందే. 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్, 1963లో లవకుశ. గాయకుడిగానూ, సంగీత దర్శకుడిగానూ పాతికేళ్లు తెలుగు సినిమా ఆయన చుట్టూనే తిరిగింది. 1970లో పద్మశ్రీ వచ్చింది. 1971లో అమెరికా, యూరప్ వెళ్లి పాడి వచ్చారు. ఆఖరి రోజుల్లో పాడిన భగవద్గీత ఊరూరా మోగుతూనే ఉంది. పోయేనాటికి ఆయన వయసు 51 ఏళ్లే.

రుణం తీర్చుకున్న తీరు

ఇందులో మీరు గమనించాల్సింది ఇంకొకటి ఉంది. స్వతంత్రంగా బతకడమంటే ఎవరితోనూ పనిలేకుండా బతకడమని చాలామంది అనుకుంటారు. ఘంటసాల అలా అనుకోలేదు. తనకు సంగీతం పెట్టింది సీతారామశాస్త్రిగారేనని జీవితాంతం చెప్పుకున్నారు. గురువుగారి అబ్బాయి పట్రాయని సంగీతరావును మద్రాసుకు పిలిపించుకుని, ఏళ్ల తరబడి తన సంగీతంలో సహచరుడిగా పెట్టుకున్నారు. హార్మోనియం ముందు కూర్చున్న సంగీతరావు స్వయంగా గొప్ప విద్వాంసుడు. కాబట్టి అది దయ కాదు, గౌరవం. సొంత కాళ్ల మీద నిలబడ్డ మనిషే ఎవరికి ఎంత రుణపడ్డాడో సరిగ్గా లెక్క చెప్పగలడు.

మరి మీ సంగతి?

ఇంటర్వ్యూలో అందరూ అడిగే మొదటి మాట ఒకటుంది, మీ గురించి చెప్పమని. మనం పేరు, ఊరు, మార్కులు, నాన్న చేసే పని చెప్పి ఊరుకుంటాం. అవన్నీ వాళ్ల చేతిలో ఉన్న కాగితం మీదే ఉంటాయి. అవతలివాళ్లకు కావాల్సింది వేరు. చెప్పేవాళ్లు లేనప్పుడు ఈ మనిషి ఏం చేస్తాడు, ఈ అమ్మాయి ఏం చేస్తుంది అన్నది వాళ్లు తెలుసుకోవాలనుకుంటారు.

అందుకని ఇవాళ రాత్రి ఒక కాగితం తీసుకోండి. కాలేజీలో ఉన్నన్నాళ్లూ ఎవరూ చెప్పకుండా, ఎవరూ తోడు రాకుండా మీరు చేసిన పనులు రాయండి. మొదటిసారి ఒంటరిగా బస్సెక్కి పోయి చేరిన రోజు. హాస్టల్ గదిలో జ్వరం వస్తే మీరే ఆసుపత్రికి వెళ్లిన రాత్రి. నెలకు ఇచ్చిన డబ్బు ఇరవయ్యో తారీఖుకే అయిపోతే ఎలా నెట్టుకొచ్చారు. తప్పిన సబ్జెక్టు మళ్లీ ఎలా రాశారు. గొడవపడ్డ రూమ్మేట్‌తోనే సెమినార్ ఎలా పూర్తిచేశారు. ఇంట్లోవాళ్లు వద్దన్నా మీరు నిలబడి తీసుకున్న నిర్ణయం ఏదైనా ఉందా. చిన్నవిగా అనిపించినా రాయండి. ఉంగరం అమ్మడం కూడా ఆ రోజుకు చిన్న పనే.

ఇంకా కాలేజీలోనే ఉండి, కాగితం మీద రాయడానికి ఏమీ దొరక్కపోతే కంగారుపడకండి. సమయం ఉంది. రేపు ఒక తలుపు తట్టండి. ఒక ఫారం మీరే నింపండి. ఒక నెల ఖర్చు మీరే లెక్క రాయండి. సెలవుల్లో ఒక్క పని నేర్చుకోండి. అమ్మానాన్నలకు కూడా ఒక మాట. పిల్లలు పరాయి ఊళ్లో ఎలా ఉంటారోనన్న భయం సహజం. అమ్మాయిల విషయంలో ఆ భయం ఇంకా ఎక్కువ. భద్రత చూడండి, హాస్టల్ చూడండి, వెళ్లి కనుక్కోండి. కానీ ప్రతి పనీ మీరే చేసిపెడితే వాళ్లకు డిగ్రీ వస్తుంది గానీ ధైర్యం రాదు.

కాలేజీ నీకు ఇచ్చిందేమిటని ఈసారి ఇంట్లో అడిగితే కోపం తెచ్చుకోకండి. ఆ కాగితం తీసి చూపించండి. చూపించేటంత రాయగలిగితే, ఉద్యోగం కొంచెం ఆలస్యమైనా మీ చదువు మేకుకు తగిలించిన మూటలా భద్రంగానే ఉన్నట్టు.